మూడు బండ్లు, రెండు రాత్రులు, ఒకే కొండ
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

చలికాలం మొదలైందో లేదో, వచ్చిన ప్రశ్నల్లో సగం ఏజెన్సీ కొండల మీదే. బండి ఎక్కుతుందా, టెంటు ఎక్కడ వేసుకోవచ్చు, రాత్రి చలికి ఆగుతామా అని. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాం, పొడుగ్గా ఉన్నవాటిని కుదించాం. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువమంది కాబట్టి అందరివీ తీసేశాం.

ప్రశ్న: మేం ఎనిమిది మందిమి, ఆఫీసు ఫ్రెండ్స్. ఒక థార్, ఒక జిమ్నీ, ఇంకొకటి మామూలు ఎస్‌యూవీ. శుక్రవారం రాత్రి డ్యూటీ అయ్యాక బయల్దేరి శనివారం లంబసింగి, వంజంగి, ఆదివారం అరకు, తిరుగు ప్రయాణంలో మారేడుమిల్లి, గుడిసె కొండలు చూసుకుని సోమవారం పొద్దున్నకి ఆఫీసులో ఉండాలి. ప్లాన్‌లో చిన్న చిన్న మార్పులేమైనా ఉంటే చెప్పండి. (హైదరాబాద్)

జవాబు: చిన్న మార్పులతో అయ్యే పని కాదండీ, ప్లానే మార్చాలి. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, నర్సీపట్నం మీదుగా లంబసింగి దాదాపు 550 కిలోమీటర్లు. రాత్రంతా నడిపి పొద్దున్నే ఘాట్ ఎక్కే డ్రైవరు పరిస్థితి ఏమిటో మీరే ఆలోచించుకోండి. అక్కడి నుంచి పాడేరు, అరకు, మళ్లీ కిందికి దిగి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి అంటే మీ రెండు రోజులూ స్టీరింగ్ వెనకే గడిచిపోతాయి. కొండ కనిపించేది అద్దంలోంచే. మ్యాప్‌లో ఈ ఊళ్లన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, కానీ ఘాట్లో గంటకి 25 కిలోమీటర్లు పడితే ఎక్కువ, మట్టిదారి అయితే గంటకి 8, 10 అనుకోండి. అదీ ఎవరి బండీ దిగబడకపోతే.

హైదరాబాద్ వాళ్లకి ఒక్క వారాంతమే చేతిలో ఉంటే మారేడుమిల్లి వైపు నయం. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు మీదుగా 400 పైచిలుకు కిలోమీటర్లు. శుక్రవారం సెలవు పెట్టి తెల్లవారుజామునే బయల్దేరండి. భద్రాచలంలో భోజనం, అక్కడే ట్యాంకు నిండా డీజిలో పెట్రోలో పోయించుకోండి. చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్‌ని మాత్రం వెలుతురుండగానే దాటేయాలి. డిసెంబర్‌లో అయిదున్నరకే సూర్యుడు పోతాడు, అడవిలో అయితే ఇంకా ముందే మసక. ఆ మలుపుల్లో రాత్రిపూట మంచు పడితే ముందున్న బండి వెనక లైటు కూడా కనిపించదు. శుక్రవారం రాత్రి మారేడుమిల్లిలోనో చుట్టుపక్కలో గదిలో పడుకోండి, టెంటు వద్దు. పదకొండు గంటలు బండి నడిపినవాళ్లు చీకట్లో టెంటు కడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

శనివారం గుడిసె. పచ్చగడ్డి కొండలు, చెట్లు తక్కువ, పొద్దున్నే పైకెళ్తే మేఘాలు కాళ్ల కింద ఉంటాయి. చివరి భాగం మట్టి, రాళ్ల దారి. అక్కడి నిబంధనలు సీజన్‌ని బట్టి మారుతుంటాయి, సొంత బండ్లు వదులుతారా, స్థానికుల జీపుల్లోనే వెళ్లాలా, రాత్రి ఉండనిస్తారా అన్నది ముందురోజు ఫారెస్టు వాళ్లని అడిగి తెలుసుకోండి. యూట్యూబ్‌లో పోయిన ఏడాది వీడియో చూసి వెళ్లి చెక్‌పోస్టు దగ్గర వాదించకండి. సొంత బండి వదలకపోతే బెంగపడొద్దు, ఆ జీపు డ్రైవర్లు నడిపే తీరు పక్కన కూర్చుని చూస్తే మీరు ఏ ఆఫ్‌రోడ్ క్లాసులోనూ నేర్చుకోనిది నేర్చుకుంటారు. ఏ రాయి మీద ఏ టైరు పెట్టాలో వాళ్లకి నిద్రలో కూడా తెలుసు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా తిరుగు ప్రయాణం.

లంబసింగి, వంజంగి, అరకు వేరే ట్రిప్పు. వాటికి రైల్లో విశాఖ వచ్చి అక్కడ బండి మాట్లాడుకోవడం మంచిది. విశాఖ నుంచి పాడేరు, అరకు రెండూ 110, 120 కిలోమీటర్ల లోపే. అప్పుడు కూడా రెండు రాత్రులకి ఒక్కచోటే టెంటు. రోజూ టెంటు విప్పి, మడిచి, మళ్లీ కట్టడంలో ఒక పూట పోతుందని మొదటిసారి వెళ్లేవాళ్లు లెక్కేసుకోరు.

ఇక మీ మూడో బండి. థార్, జిమ్నీ ఎక్కే దారి కాదు మీది, ఆ మామూలు ఎస్‌యూవీ దిగి రాగలిగే దారి. అన్ని బండ్లలో బలహీనమైనదాన్ని బట్టే దారి ఎంచుకోవాలి, ఈ మాట మీ థార్ ఓనరుకి ముందే చెప్పి ఒప్పించండి, కొండ మీద చెబితే వినడు.

ప్రశ్న: నాది ముందు చక్రాలు తిరిగే ఎస్‌యూవీ. గ్రౌండ్ క్లియరెన్స్ బాగానే ఉంది. ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలనీ ఇంజను తిప్పే ఏర్పాటు) లేకపోతే కొండదారులు వదులుకోవాల్సిందేనా? వర్షం లేని రోజు అయితే పర్వాలేదంటున్నారు ఫ్రెండ్స్. (విశాఖపట్నం)

జవాబు: మీ ఫ్రెండ్స్ చెప్పింది సగం నిజం. పొడి నేల మీద, మరీ నిటారుగా లేని ఊరి దారుల్లో మీ బండి హాయిగా వెళ్తుంది. ఏజెన్సీలో సంతకి సరుకు తోలే ఆటోలు అలాంటి దారుల్లోనే తిరుగుతాయి, వాటికి ఫోర్ బై ఫోర్ ఎవరిచ్చారు?

చిక్కంతా ఏటవాలు దగ్గర వస్తుంది. బండి పైకెక్కేటప్పుడు బరువు వెనక్కి పోతుంది, వెనక సీట్లో ముగ్గురూ డిక్కీలో సామానూ ఉంటే ఇంకా వెనక్కి. లాగాల్సిన ముందు చక్రాలు తేలికైపోయి, కాస్త గుల్ల మట్టి తగిలినా ఉన్నచోటే తిరుగుతాయి. అలాంటప్పుడు జనాన్ని దింపేయండి, సామాను వేరే బండిలోకి మార్చండి, సగం కొండలు అక్కడితో ఎక్కేస్తాయి. మిగతా సగం రివర్స్‌లో ఎక్కుతాయని ఎవరైనా అంటే నవ్వేసి ఊరుకోండి. నిజానికి ఆ చిట్కా పనిచేస్తుంది, కానీ పక్కన లోయ ఉన్నచోట ప్రయోగాలు వద్దు.

గ్రౌండ్ క్లియరెన్స్ ఒక్కటే చూడొద్దు. థార్‌కి 226 మిల్లీమీటర్లు, జిమ్నీకి 210, మీ బండికి దానికి అటూఇటూగా ఉండొచ్చు. తేడా ఎక్కడంటే, ముందు బంపరు కింద ఎంత కోణం ఖాళీగా ఉంది, రెండు చక్రాల మధ్య పొడవెంత అన్నదాంట్లో. పొడవు బండి గట్టు దాటేటప్పుడు నడుం ఆనుకుంటుంది. బంపరు ముందు దిగి చూసుకోండి, వంద అడుగులు నడిచి వెళ్లి చూడటానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

అసలు ఫోర్ బై ఫోర్ విలువ ఎక్కడంలో కన్నా దిగడంలో ఎక్కువ తెలుస్తుంది. లో రేంజ్‌లో, అంటే వేగం తగ్గించి బలం పెంచే గేర్లలో, మొదటి గేరు వేసి బ్రేకు మీంచి కాలు తీసేస్తే ఇంజనే బండిని పట్టుకుని నడకలా దింపుతుంది. మీకు ఆ సౌకర్యం లేదు, మొదటి గేరు ఉన్నా మరీ నిటారు చోట అది ఆపదు, బ్రేకు నొక్కుతూ దిగాలి, కిలోమీటర్ల కొద్దీ నొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. కాలిన వాసన వస్తే ఆపేయండి, అరగంట చల్లారనివ్వండి, ఎట్టి పరిస్థితిలో నీళ్లు పోయొద్దు. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు ఆదా అని ఇంకా నమ్మేవాళ్లున్నారు, వాళ్ల పక్కన కూర్చోవద్దు.

కాబట్టి ఎక్కే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే, ఇప్పుడు వాన పడితే ఈ దారిన దిగగలనా అని. దిగలేననిపిస్తే బండి అక్కడే ఆపి నడిచి ఎక్కండి. వంజంగిలో ఎలాగూ పైదాకా నడకే కదా.

ప్రశ్న: బురదలో బండి దిగబడితే ఏం చేయాలి? మా దగ్గర కొబ్బరి తాడు, జాకీ ఉన్నాయి. ట్రాక్టరు పిలిపిస్తే సరిపోతుందని డ్రైవరు అంటున్నాడు. (రాజమహేంద్రవరం)

జవాబు: ముందు కాలు తీయండి. యాక్సిలరేటరు మీంచి. దిగబడ్డాక అందరూ చేసే పని ఇంకాస్త రైజ్ చేయడం, టైరు అలా తిరిగిన కొద్దీ గుంత లోతవుతుంది, చివరికి బండి పొట్ట నేలకి ఆనుతుంది, అప్పుడు నిజంగానే ట్రాక్టరు కావాలి.

దిగి చూడండి. నాలుగు టైర్లలో గాలి తగ్గించండి. మామూలుగా 33 పీఎస్ఐ ఉంటే 20, 22కి తెచ్చేయొచ్చు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని నేలని పట్టుకుంటుంది. 18 కంటే తగ్గించొద్దు, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. పదునైన రాళ్లున్నచోట మరీ తగ్గిస్తే పక్కగోడ కోసుకుపోతుంది. తగ్గించిన గాలితో తారురోడ్డెక్కి 80లో పోవడం ఇంకా ప్రమాదం, టైరు వేడెక్కి పగులుతుంది. అందుకే బండి సాకెట్‌కి పెట్టుకునే చిన్న గాలి పంపు, ప్రెషర్ చూసే గేజీ రెండూ ఉండాలి. టెంటు కన్నా ముందు కొనాల్సిన సామాను ఇవి.

తర్వాత పార. టైరు ముందున్న మట్టి తీసి, వెళ్లాల్సిన వైపు వాలుగా దారి చెక్కండి. టైరు కింద ట్రాక్షన్ బోర్డులు (టైరుకి పట్టు దొరికేలా పెట్టే గరుకు పలకలు) ఉంటే అవి, లేకపోతే చదును రాళ్లు, ఎండుకొమ్మలు, చివరికి కాళ్ల దగ్గర మ్యాట్లయినా సరే. రెండో గేరులో మెల్లగా. మ్యాట్లు వేస్తే మాత్రం వెనక ఎవరూ నిలబడొద్దు, టైరు పట్టుకుని విసిరేస్తుంది.

కొబ్బరి తాడు బావి దగ్గరకి. బండి లాగడానికి బరువు రేటింగ్ రాసి ఉన్న పట్టీ కావాలి, బండి బరువుకి కనీసం రెండు మూడు రెట్లు. రబ్బరులా సాగే రికవరీ పట్టీ, సాగని టోయింగ్ పట్టీ రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, సాగనిదాన్ని కుదుపుతో లాగితే కొక్కెం ఊడి తుపాకీ గుండులా వస్తుంది. అసలు ప్రాణం పోయేది ఇక్కడే. బంపరుకి, ఇరుసుకి, వెనకున్న ట్రైలరు గుండుకి పట్టీ కట్టకండి, ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, బిగించి ఉన్న కొక్కేలకే కట్టాలి. పట్టీ మధ్యలో తడిపిన దుప్పటో బరువైన జాకెట్టో వేస్తే తెగినా ఎగరకుండా పడిపోతుంది. లాగేటప్పుడు డ్రైవర్లు తప్ప అందరూ పట్టీ పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంగా, పక్కకి నిలబడాలి. సెల్ఫీ వీడియో కూడా ఆ దూరం నుంచే.

దగ్గర్లో చెట్టుంది కదా అని కట్టేయకండి. పాడేరు, అరకు, చింతపల్లి వైపు తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి, కింద కాఫీ. నవంబర్ నుంచి పండ్లు కోసే రోజులు. మీ బండి లాగడానికి ఒక కుటుంబం సంవత్సరం రాబడి మీద తాడు వేస్తామంటే ఎలా?

ట్రాక్టరు సంగతికొస్తే, మీ డ్రైవరు అన్నది తప్పేం కాదు, దొరికితే అంతకన్నా హాయి లేదు. ఊళ్లోకి నడిచి వెళ్లి అడగండి, డబ్బు ముందే మాట్లాడుకోండి, బేరమాడకండి. కానీ ఆ కొండ మీద సిగ్నలు లేకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు? అందుకే రెండు బండ్లు లేకుండా మట్టిదారి వద్దు.

ప్రశ్న: గెడ్డ (కొండవాగు) దాటాల్సి వచ్చింది మొన్న. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో వెళ్లగలదని కంపెనీ చెబుతోంది కదా, మోకాలి లోతే ఉన్నా మావాడు భయపడి వెనక్కి తిప్పేశాడు. (అనకాపల్లి)

జవాబు: మీవాడికి నా తరఫున టీ ఇప్పించండి. ఆ 650 నిలకడగా ఉన్న నీళ్ల లెక్క. పారే నీళ్లు వేరు, అడుగు లోతు ప్రవాహం చిన్న కారుని పక్కకి నెట్టేస్తుంది, రెండడుగులైతే పెద్ద బండ్లనీ ఎత్తేస్తుంది. మన గెడ్డల్లో ఇంకో తిరకాసు, మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడితే అరగంటలో నీళ్లు ఎర్రగా, ఆకులూ కొమ్మలతో దిగిపోతాయి. నీటి రంగు మారినా, చప్పుడు పెరిగినా దాటొద్దు. దాటాలంటే ముందు ఒకరు కర్రతో నడిచి చూడాలి, మనిషి నడవలేని చోట బండి వెళ్లదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలం, వాతావరణ శాఖ బంగాళాఖాతంలో అల్పపీడనం అందంటే ట్రిప్పు వాయిదా వేయండి, కొండచరియలు విరిగితే అవతల చిక్కుకునేది మీరే.

టెంటు కూడా గెడ్డ ఒడ్డున వేయొద్దు. ఫొటో బాగుంటుంది నిజమే.

ప్రశ్న: టెంటు ఎక్కడ పడితే అక్కడ వేసుకోవచ్చా? చలిమంట వేసుకుంటే ఏమైనా అంటారా? మా ఫ్రెండు అడవి ఎవడి సొత్తూ కాదంటాడు. (విజయవాడ)

జవాబు: అడవి ప్రభుత్వానిది, దాని పక్కన పొలం గిరిజన రైతుది, మీ ఫ్రెండుది మాత్రం కాదు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా ఉండటం, నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. కొండ మీద ఎండుగడ్డి ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు, ఫిబ్రవరి దాటాక అయితే చెప్పక్కర్లేదు.

సులువైన దారి ఏమిటంటే ఊరికి ఆనుకుని ఉన్న స్థలంలో, ఊళ్లో పెద్దని అడిగి, డబ్బిచ్చి వేసుకోవడం. లంబసింగి, వంజంగి చుట్టుపక్కల చాలామంది గిరిజన కుర్రాళ్లు ఇప్పుడు టెంట్లు వాళ్లే అద్దెకిస్తున్నారు, అన్నం వండిపెడతారు, రాత్రి కాపలా ఉంటారు. ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదు. అందుకే పెద్ద బోర్డు, రంగు లైట్లు, డీజే పెట్టిన క్యాంపు కనిపిస్తే ఈ నేల ఎవరిదని ఒకసారి అడగండి. జవాబు తడబడితే పక్క ఊరికి వెళ్లండి. డీజే కోసం కొండెక్కేవాళ్లకి ఈ శీర్షిక పనికిరాదు, విశాఖ బీచ్ రోడ్డులో బోలెడు హోటళ్లున్నాయి.

చలిమంట వాళ్లు వేసే చోటే వేసుకోండి, కట్టెలు వాళ్ల దగ్గరే కొనుక్కోండి. పడుకునే ముందు నీళ్లు పోసి, కలియబెట్టి, చెయ్యి పెడితే చల్లగా తగలాలి. గడ్డి కొండల మీద బండితో చక్కర్లు కొట్టి టైరు గీతలు పెట్టడం ఈ మధ్య రీల్స్ పిచ్చిగా మారింది. ఆ గీతల్లో వాననీళ్లు దిగి మట్టి కోసుకుపోతుంది, గడ్డి మళ్లీ రాదు. కింద వాలులో ఉన్నది ఎవరిదో పోడు. ఉన్న దారిలోనే నడపండి.

ప్రశ్న: పిల్లలిద్దరు, ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. డిసెంబర్‌లో లంబసింగిలో టెంటులో పడుకోవాలని వాళ్ల నాన్న పట్టు. మా అత్తగారు పిల్లలకి నెమ్ము చేస్తుందని వద్దంటున్నారు. నాకు బాత్‌రూమ్ సంగతి టెన్షన్‌గా ఉంది. (విజయనగరం)

జవాబు: అత్తగారిని తీసి పారేయకండి అమ్మా, ఆవిడకి చలి గురించి బాగానే తెలుసు. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లకి ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని మామూలు లెక్క. కానీ మబ్బులేని రాత్రి నేల వేడంతా పైకి వదిలేస్తుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారి పళ్లెంలో నీళ్లలా నిలబడుతుంది. అందుకే విశాఖలో స్వెట్టర్ అక్కర్లేని రాత్రి ఇక్కడ అయిదు, ఆరు డిగ్రీలుంటుంది, కొన్నిసార్లు ఇంకా తక్కువ. ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, చలికి బయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని చెప్పుకుంటారు.

దీన్నిబట్టి మీరు చేయాల్సింది, పల్లపు చోట టెంటు వద్దు, శిఖరం మీదా వద్దు, గాలి కొట్టేస్తుంది. మధ్య వాలులో కాస్త చదునైన చోటు చూడండి. దుప్పట్లు పైన ఎన్ని కప్పినా కింద నుంచే చలి లాగుతుంది, కాబట్టి ముందు నేల మీద బరకం, దాని మీద ఫోమ్ షీటు, ఆ పైన బొంత. పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టండి. పొద్దున నుంచి వేసుకున్న బట్టలు చెమటకి చెమ్మగా ఉంటాయి, పడుకునే ముందు అన్నీ మార్చేయాలి, సాక్సులతో సహా. తలకి మంకీ క్యాప్. టెంటు జిప్పు పైన జానెడు తెరిచి ఉంచండి, లేకపోతే మన ఊపిరి తేమే లోపల మంచులా పట్టి తెల్లారేసరికి దుప్పట్లు తడిసిపోతాయి.

ఇంకోమాట, ఇది మీ ఇంటాయనకి చదివి వినిపించండి. టెంటులోకి కుంపటిగానీ, బొగ్గుల గిన్నెగానీ, గ్యాస్ స్టవ్వుగానీ తేవొద్దు. మూసిన చోట బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంజను ఆన్ చేసి, అద్దాలు మూసుకుని కార్లో పడుకోవడం కూడా అంతే.

పైన ఆ జానెడు తప్ప టెంటు జిప్పు రాత్రంతా వేసే ఉంచాలి, చెప్పులు లోపలే. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్లనే రాత్రిపూట కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. కాటు పడిందని అనుమానం వస్తే తాడు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏమీ వద్దు, కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్, సిగ్నలు లేకపోతే మీ బండిలోనే దగ్గరి ఆసుపత్రికి. టెంటు వేసుకోగానే ఆ ఆసుపత్రి ఎటువైపో ఊళ్లోవాళ్లని అడిగి పెట్టుకోండి, మిగతా ట్రిప్పంతా దాంతో పనిపడకపోవచ్చు.

బాత్‌రూమ్ సంగతి. ఊరి పక్క క్యాంపు అయితే మరుగుదొడ్డి ఉందో లేదో ఫోన్లోనే అడగండి, ఉంది అంటే నీళ్లున్నాయా అని మళ్లీ అడగండి. లేకపోతే చిన్న పార, నిలువుగా జిప్పు ఉండే చిన్న టెంటు తెచ్చుకోండి. నీళ్లకి, దారికి కనీసం 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గుంత తీసి, పని అయ్యాక మట్టి కప్పాలి. ప్యాడ్లు, డైపర్లు, తడి టిష్యూలు గుంతలో వేయొద్దు, రెండు కవర్లలో కట్టి ఇంటికి తెచ్చేయండి. చీకట్లో ఒంటరిగా వద్దు, టార్చి, తోడు. నా సలహా అడిగితే మొదటి రాత్రి గదిలో, రెండో రాత్రి టెంటులో పెట్టుకోండి. పిల్లలకి జలుబు ఉంటే రెండో రాత్రి కూడా గదే, నాన్నగారు కావాలంటే ఒక్కరే టెంటులో పడుకుంటారు.

ప్రశ్న: డబ్బు, నెట్‌వర్క్, చెకింగ్ గురించి రెండు ముక్కలు చెప్పండి. (వరంగల్)

జవాబు: చిన్న నోట్లు తీసుకెళ్లండి, సంతలో అల్లం, పసుపు, రాజ్‌మా కొనడానికి యూపీఐ సిగ్నలు ఉన్నచోటే పనిచేస్తుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కానీ మ్యాప్ చూపించే దగ్గరి దారి కాలిబాట అయ్యుండొచ్చు. రాత్రి ఎక్కడ ఉంటారు, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి.

చెకింగ్ ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు మరీ ఎక్కువ. గంజాయి రవాణా వల్ల కింద చెక్‌పోస్టుల్లో డిక్కీ తెరిపిస్తారు, స్టెప్నీ కూడా చూస్తారు. అందరి ఆధార్, బండి కాగితాలు దగ్గరుంచుకుని ఓపిగ్గా నిలబడండి. తెలియనివాళ్లు ‘ఈ సంచి నర్సీపట్నంలో ఇచ్చేయండి సార్’ అంటే చెయ్యి కూడా పెట్టొద్దు. ఘాట్లో ఎదురొస్తే పైకి ఎక్కే బండికే దారివ్వాలి, దిగేవాళ్లు ఆగాలి. ఇది మర్యాద ఒక్కటే కాదు, రూలు.

ప్రశ్న: పాడేరు వైపు వెళ్లొచ్చి పది రోజులైంది. నిన్నటి నుంచి చలిజ్వరం. వైరల్ అని టాబ్లెట్లు వాడుతున్నాను. (గుంటూరు)

జవాబు: ఈ పత్రిక పక్కన పెట్టి ఇవాళే డాక్టరు దగ్గరకెళ్లండి. ఏజెన్సీకి వెళ్లొచ్చానని మీరే చెప్పాలి, గుంటూరులో ఆయనకి మలేరియా గుర్తు రాకపోవచ్చు. రక్తపరీక్ష చేయించుకోండి. ఫాల్సిపారం రకం అయితే రెండు మూడు రోజుల ఆలస్యం కూడా ప్రమాదమే, సాధారణంగా దోమ కుట్టాక వారం, రెండు వారాలకి బయటపడుతుంది. ఇంకో రకం నెలల తర్వాత కూడా రావచ్చు. చిట్టిపురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఆ అడవుల్లో ఉంది, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి చెక్కు కట్టిన పుండుందేమో చూసుకుని అదీ చెప్పండి.

ప్రశ్న: బుల్లెట్ మీద ఒక్కడినే వెళ్లాలని ఉంది. (కాకినాడ)

జవాబు: తారురోడ్డు మీద వెళ్లండి, చాలా బాగుంటుంది. మట్టిదారికి ఒక్కరే వద్దు. ఆ బరువు బండి కాలి మీద పడితే ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి.

ప్రశ్న: బొంగులో చికెన్ మేమే చేసుకోవచ్చా? (నెల్లూరు)

జవాబు: చేసుకోవచ్చు, కానీ వెదురు మీరు నరకకండి, ఊళ్లో కొనండి. పచ్చి బొంగు కావాలి, ఎండుది నిప్పుల్లో పగిలిపోతుంది. ముక్కలకి ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, పసుపు పట్టించి గంటసేపు ఉంచి, కూరి, మూతి ఆకుతో బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలి. నూనె అక్కర్లేదు. పైన బొంగు నల్లబడేదాకా ఓపిక పట్టాలి, లోపల ఎముక దగ్గర ఎర్రగా ఉంటే మళ్లీ పెట్టండి. మారేడుమిల్లి రోడ్డు పక్కన అమ్మేవాళ్ల దగ్గర ఒకటి తిని, ఎలా తిప్పుతున్నారో చూసి తర్వాత మొదలుపెట్టండి.

ప్రశ్న: మా కుక్కని కూడా తీసుకెళ్లొచ్చా? చాలా మంచిది, ఎవర్నీ ఏమీ అనదు. (హైదరాబాద్)

జవాబు: మనుషుల్ని అనదేమో, ఊళ్లో కోళ్లని చూసినప్పుడు తెలుస్తుంది. మేకలు, పశువులు తిరిగే చోటు, రాత్రి ఊరకుక్కలు గుంపుగా వస్తాయి, గడ్డిలో గోమార్లు. ఎవరైనా చూసుకునేవాళ్లుంటే ఇంట్లోనే వదిలి వెళ్లండి.